కోటప్పకొండ: పది సంకేతాలు, ముప్పై బైట్లు

ఒక యంత్రం పంపిన మాట ఇంకొక యంత్రానికి అర్థం కానప్పుడు తగవు ఎప్పుడూ ఒకే తీరుగా నడుస్తుంది. పంపినవారు "మేము సరిగానే పంపాము" అంటారు. అందుకున్నవారు "మాకు వచ్చినది సరిగా లేదు" అంటారు. విచిత్రమేమిటంటే చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. ఈ తగవులో నమ్మదగిన సాక్షి ఒక్కటే, అది దారిలో పోతున్న సందేశం. దాన్ని మధ్యలో పట్టుకుని, విప్పి, బైటు వెంట బైటు చదవటం తప్ప తీర్పుకు వేరే మార్గం లేదు.

వెబ్ సేవల మీద పనిచేసేవారికి ఇది నిత్యకృత్యం. అయితే ఈ విద్యకు ఒక చరిత్ర ఉందనీ, అందులో తెలుగు లిపి పదే పదే ఎదురవుతుందనీ చెప్పటానికి ఈ టపా రాస్తున్నాను. నన్ను ఇందుకు పురికొల్పింది ఒక చిరకాలపు అపవాదు. "తెలుగు పెడితే సిస్టమ్ చెడిపోతుంది, పేర్లు ఇంగ్లీషులోనే ఉంచండి" అన్న మాట నేను చాలాచోట్ల విన్నాను, మీరూ వినే ఉంటారు. ఆ మాట అన్నవారిలో సందేశాన్ని విప్పి చూసినవారు బహు తక్కువ. విచారణ లేకుండా పడిన శిక్ష అది.

పరీక్షకు ఒక మాట కావాలి. పల్నాటివాణ్ణి కనుక కోటప్పకొండను తీసుకుంటాను. నరసరావుపేటకు పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ కొండకు త్రికూటాచలమని పేరు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడూ ఏ వైపు నుండి చూసినా కనబడతాయంటారు. శివరాత్రి తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళవారు కట్టుకొచ్చే ప్రభల సంగతి చెప్పనక్కరలేదు. నాకు ఇక్కడ కావలసింది మాత్రం ఆ పేరు. అందులో ఏత్వానికి అందని ఓత్వం ఉంది, ఒత్వం ఉంది, ద్విత్వం ఉంది, సున్న ఉంది. తెలుగు లిపికి ఉన్న చిక్కుల్లో సగం ఆ ఒక్క మాటలో దొరుకుతాయి.

యూనికోడుకు ముందు

భారత ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 అన్న సంఖ్యతో ఇస్కీ ప్రమాణాన్ని ప్రకటించింది. దాని వెనుక ఉన్న ఆలోచన గొప్పది. బ్రాహ్మీ నుండి పుట్టిన లిపులన్నిటికీ వర్ణక్రమం ఒకటే కాబట్టి అన్నిటికీ ఒకే సంకేతాలు చాలునన్నారు. క అనే అక్షరానికి 179. అది తెలుగు కకారమైనా, నాగరి కకారమైనా, బెంగాలీ కకారమైనా 179 మాత్రమే. ఏ లిపిలో చూపించాలో చెప్పటానికి 239 అనే ప్రత్యేక సంకేతాన్నీ, దాని వెంట లిపి గుర్తునూ పంపాలి.

చిక్కు అక్కడే ఉంది. ఆ లిపి గుర్తు పంపకపోయినా, దారిలో ఊడిపోయినా, మన కొండ పేరు అవతల నాగరిలో ప్రత్యక్షమవుతుంది. పంపినవారి తెర మీద తెలుగే ఉంటుంది. అందుకున్నవారి తెర మీద తెలుగు ఉండదు. ఎవరి తెరను చూసినా తప్పు ఎక్కడుందో తెలియదు. మధ్యలో ఉన్న బైట్లను చూస్తే 239 లేకపోవటం కనబడుతుంది.

ఇస్కీ ప్రభుత్వ కార్యాలయాలకూ కొన్ని పరికరాలకూ పరిమితమైంది. జాలంలోకి వచ్చిన మన దినపత్రికలు వేరే దారి పట్టాయి. ఈనాడు, వార్త వంటివి తమ తమ ఖతులకు తగిన సంకేతాలతో పుటలు పెట్టాయి. ఆ సంకేతాలు అక్షరాలకు కాదు, అక్షరాల ముక్కలకు. తలకట్టు ఒక సంఖ్య, దాని కింద దేహం ఒక సంఖ్య, ఒత్తు ఇంకొక సంఖ్య. ఒక పత్రికలోని వాక్యాన్ని తీసి ఇంకొక పత్రిక ఖతిలో చూస్తే అర్థంలేని గీతలే మిగిలేవి. వెతకటానికి వీలులేదు, వరుసలో పేర్చటానికి వీలులేదు. పక్కపక్క ఊళ్ళవాళ్ళు ఒకే భాష మాట్లాడుతూ ఒకరికొకరు అర్థం కానట్టుండేది.

వెన్న నాగార్జున రూపొందించిన 'పద్మ'ను మన పాత బ్లాగరులు మరచిపోయి ఉండరు. ఫైర్‌ఫాక్సుకు తగిలించుకుంటే పత్రికల ఖతి సంకేతాలను యూనికోడులోకి మార్చి చూపించేది. అలాంటి పనిముట్టు తయారు కావాలంటే దారి ఒకటే. పుటలోని బైట్లను ఖతిలోని బొమ్మలతో పోల్చి, ఏ సంఖ్య ఏ ముక్కో, ఏ ముక్కలు ఏ క్రమంలో కలిస్తే ఏ అక్షరమో ఒక్కొక్కటిగా రాసుకోవాలి. దాన్ని అప్పట్లో ఎవరూ సందేశ పరీక్ష అనలేదు కానీ, చేసినది అచ్చంగా అదే.

పది ముప్పై అయిన వైనం

యూనికోడు మొదటి కూర్పు 1991 అక్టోబరులో వెలువడింది. భారతీయ లిపుల అమరికను అది 1988 నాటి ఇస్కీ నుండే తీసుకుంది, కానీ ఒక్కొక్క లిపికి ఒక్కొక్క గది ఇచ్చింది. నాగరి కకారం 2325, తెలుగు కకారం 3093. తేడా 768. నాగరి జకారానికి 768 కలపండి, తెలుగు జకారం వస్తుంది. ఇస్కీ జ్ఞాపకం ఆ కూడికలో ఇప్పటికీ నిలిచి ఉంది.

యూనికోడులో కోటప్పకొండ పది సంకేతాలు: క, ఓత్వం, ట, ప, పొల్లు, ప, క, ఒత్వం, సున్న, డ. మనకు కనబడే వత్తు ప నిజానికి పొల్లు, ప అనే రెండు సంకేతాల కలయిక.

సంకేతం వేరు, దాన్ని తీగ మీద పంపే బైట్లు వేరు. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక ఫలహారశాలలో కూర్చుని యూటీఎఫ్-8కు రూపం ఇచ్చారు. అందులో లాటిన్ అక్షరానికి ఒక బైటు, తెలుగు అక్షరానికి మూడు బైట్లు. క అంటే 224, 176, 149. తెలుగు గదిలోని సంకేతాలన్నిటికీ మొదటి బైటు 224. రెండవది మొదటి సగానికి 176, రెండవ సగానికి 177. కాబట్టి కోటప్పకొండ ముప్పై బైట్లు. అదే పేరు లాటిన్ లిపిలో పన్నెండు అక్షరాలు, పన్నెండు బైట్లు.

ఈ పది, పన్నెండు, ముప్పై అనే అంకెలు అలంకారానికి చెప్పినవి కావు. నేను పనిచేసిన ఒకచోట ఊళ్ళ పేర్లను ఒక యంత్రం నుండి ఇంకొక యంత్రానికి పంపే సేవ ఉండేది. ఇంగ్లీషు పేర్లతో ఏళ్ళ తరబడి చక్కగా నడిచింది. తెలుగు పేర్లు పెట్టిన రోజున అవతలివైపు "ముగింపు ట్యాగు లేదు" అని తిప్పికొట్టింది. ఇవతలివైపు దస్త్రంలో ముగింపు ట్యాగు స్పష్టంగా ఉంది. రెండు జట్ల మధ్య ఉత్తరాలు నడిచాయి. చివరకు తెలుగు మానేద్దామన్నారు. మధ్యలో సందేశాన్ని పట్టి చూస్తే సంగతి తేలింది. పంపే ప్రోగ్రాము సందేశం పొడవును శీర్షికలో బైట్లలో చెప్పవలసి ఉండగా అక్షరాలలో చెబుతోంది. ఒక్క కోటప్పకొండ ఉన్న సందేశంలో పొడవు ఇరవై తక్కువ పడింది. అవతలి యంత్రం చెప్పిన పొడవు వరకే చదివి ఆగింది. తెగిపోయిన ఇరవై బైట్లలో ముగింపు ట్యాగు ఉంది. లాటిన్ లిపిలో అక్షరమూ బైటూ ఒకటే కాబట్టి ఆ లోపం అన్నాళ్ళూ బయటపడలేదు. తెలుగు లోపాన్ని తెచ్చిపెట్టలేదు, ఉన్న లోపాన్ని చూపించింది.

కవరు మీద ఒకటి, ఉత్తరంలో ఒకటి

1998లో ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రమాణం వచ్చింది. ట్యాగుల పేర్లలో కూడా తెలుగు అక్షరాలను అది మొదటి నుండీ అనుమతించింది. అదే ఏడాది డేవ్ వైనర్ ప్రభృతులు ఎక్స్‌ఎమ్‌ఎల్-ఆర్‌పీసీ తెచ్చారు. బ్లాగు టపాలను బయటి పనిముట్ల నుండి పంపటానికి తరువాత వాడుకలోకి వచ్చిన పద్ధతులు దాని మీదే నిలిచాయి. అయితే ఆ నిర్దేశంలో పాఠ్యమంటే ఆస్కీ అక్షరాలని రాసి ఉండేది. అక్షరాలా పాటిస్తే అందులో తెలుగుకు చోటు లేదు. కొందరు పాటించారు, కొందరు పాటించలేదు. ఇద్దరూ కలిసినచోట తెలుగు నలిగింది. 2003 జూన్‌లో ఆ నిర్దేశం నుండి ఆస్కీ అన్న మాటను తొలగించారు. ఒక మాట తీసేస్తే ఎన్ని భాషలకు దారి తెరుచుకుంటుందో దానికిది మంచి నిదర్శనం.

2000 మే నెలలో సోప్ 1.1 వచ్చింది. అది మామూలుగా ప్రయాణించేది 'టెక్స్ట్/ఎక్స్‌ఎమ్‌ఎల్' అనే కవరులో. ఉత్తరం లోపల మొదటి వరుసలో "ఇది యూటీఎఫ్-8" అని రాసి ఉంటుంది. కవరు మీద ఆ ముక్క రాయకపోతే? 2001 జనవరి నాటి ఆర్‌ఎఫ్‌సీ 3023 ప్రకారం కవరు మాటే చెల్లుతుంది. కవరు మౌనంగా ఉంటే దాన్ని ఆస్కీగానే పరిగణించాలి. లోపల ఏమి రాసి ఉన్నా లెక్క లేదు. నియమం తప్పకుండా పాటించే యంత్రం తెలుగు సందేశాన్ని తిరస్కరించాలి. లోపలి వరుసను గౌరవించే యంత్రం దాన్ని చక్కగా చదువుతుంది. ఒకటి నియమాన్ని పాటించింది, ఇంకొకటి ఉద్దేశాన్ని గ్రహించింది. మళ్ళీ మొదట చెప్పిన తగవే. ఈ నియమం 2014 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 7303 వచ్చేదాకా పుస్తకంలో అలాగే ఉంది.

ఇటువంటి తగవులు ఇంగ్లీషువారికీ తక్కువేమీ కాదు. అందుకే 2002లో పెద్ద పెద్ద సంస్థలు కలిసి వెబ్ సేవల పరస్పర పొందిక కోసం డబ్ల్యూఎస్-ఐ అనే కూటమిని పెట్టాయి. ఆ కూటమి ప్రకటించిన బేసిక్ ప్రొఫైల్ 1.0 ఈ విషయంలో కచ్చితంగా ఉంది. సందేశం యూటీఎఫ్-8లో గాని యూటీఎఫ్-16లో గాని ఉండాలి, ఏ సంకేతపద్ధతో కవరు మీద కూడా సరిగా చెప్పాలి. తెలుగును తలచుకుని రాసినది కాకపోయినా, తెలుగుకు మేలు చేసిన నియమమది.

నాకు అంతకంటే నచ్చినది వారు తయారు చేసిన పనిముట్ల జంట. ఒకటి కావలివాడు. రెండు యంత్రాల మధ్య కూర్చుని, ఎటువైపు నుండి ఏది వచ్చినా మార్చకుండా అవతలికి పంపుతూ, నకలు రాసి పెడుతుంది. రెండవది పరీక్షకుడు. ఆ నకలును నియమాలతో సరిపోల్చి, ఏది ఎక్కడ తప్పిందో చెబుతుంది. చూసే పని వేరు, తీర్పు చెప్పే పని వేరు అన్న వివేకం అందులో ఉంది. అపాచీ యాక్సిస్‌తో వచ్చిన టీసీపీమాన్, తరువాత ఫిడ్లర్, వైర్‌షార్క్ అందరివీ చేసే పని మొదటిదే. 2010లో డబ్ల్యూఎస్-ఐ తన పనిని ఓయాసిస్‌కు అప్పగించింది. నేడు సోప్ బదులు జేసన్ ఎక్కువ. 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8259 ప్రకారం యంత్రాల మధ్య నడిచే జేసన్ యూటీఎఫ్-8లోనే ఉండాలి. వాదన మొత్తానికి ముగిసింది గాని, పాత యంత్రాలు ఇంకా బతికే ఉన్నాయి.

మూడు జబ్బులు

"తెలుగు రావటం లేదు" అన్న ఫిర్యాదు నిజానికి మూడు వేరు వేరు జబ్బుల ఉమ్మడి పేరు. కోటప్పకొండ పేరుతో వాటిని విడదీయవచ్చు.

డబ్బాలు కనబడితే అక్షరాలు క్షేమం. సంకేతాలన్నీ చేరాయి, చూపించే ఖతి లేదు. గౌతమి ఉన్నా సంక్లిష్ట లిపుల మద్దతు చేతనం చేయని విండోస్ ఎక్స్‌పీలో ఒత్తులు విడివిడిగా కనబడేవి, గుర్తుందా? అదీ ఈ కోవలోనిదే. జబ్బు అందుకునేవైపు ఉంది, సందేశంలో లేదు.

పది ప్రశ్నార్థకాలు కనబడితే అక్షరాలు పోయినట్టే. దారిలో ఎవరో ఒకరు తెలుగుకు చోటు లేని పద్ధతిలోకి మార్చి, తెలియని ప్రతి సంకేతానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టారు. లెక్క పెట్టండి. పది ఉంటే సంకేతాల స్థాయిలో జరిగిన నష్టమది. ఇక తిరిగి తేలేము.

ముప్పై పిచ్చి గుర్తులు కనబడితే, నెత్తిన గీత ఉన్న లాటిన్ 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తో కూడిక-తీసివేత గుర్తో వరుసగా వస్తుంటే, బైట్లు చేరాయి గాని చదివినవారు విండోస్-1252 అనే పడమటి పద్ధతిలో చదివారు. 224 ఆ ఏకారం, 176 డిగ్రీ, 177 కూడిక-తీసివేత. తిరిగి బైట్లుగా మార్చి యూటీఎఫ్-8గా చదివితే తెలుగు లేచి వస్తుంది.

ఈ మూడవ దానిలో ఒక మెలిక ఉంది. విండోస్-1252లో ఐదు స్థానాలు ఖాళీ: 129, 141, 143, 144, 157. తెలుగు సంకేతాల మూడవ బైట్లను కూర్చుని లెక్క వేశాను. అరసున్న, కొమ్ము 129లో పడతాయి. పొల్లు 141లో పడుతుంది. ఏ, ఐ, ఝ మిగతా మూడింటిలో. తెలుగులో కొమ్మూ పొల్లూ లేని వాక్యం అరుదు. కొన్ని ప్రోగ్రాములు ఖాళీ స్థానపు బైటును అలాగే దాటిస్తాయి, కొన్ని దాని చోట ప్రశ్నార్థకం పెడతాయి. రెండవ రకం దారిన వచ్చిన కోటప్పకొండను బాగుచేస్తే తొమ్మిది సంకేతాలు క్షేమంగా వస్తాయి, పొల్లు మాత్రం రాదు. ద్విత్వం విడిపోయి రెండు పకారాల మధ్య ఒక చెరుపు గుర్తు మిగులుతుంది. పాత భాండాగారాలలో కొమ్ములూ ఒత్తులూ మాత్రమే ఊడిపోయిన తెలుగు కనబడితే, అది ఏ దారిన వచ్చి ఉంటుందో మొదట ఇటువైపు వెతకండి.

2018 ఫిబ్రవరి

ఆ ఏడు మహాశివరాత్రి ఫిబ్రవరి 13న వచ్చింది. కోటప్పకొండ కింద ప్రభలు నిలిచిన ఆ వారంలోనే ప్రపంచ పత్రికలన్నిటా తెలుగు పేరు మోగింది. ఒక తెలుగు అక్షరం పంపితే ఐఫోను కూలిపోతుందన్నారు. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనులో ఆ అక్షరం కనబడగానే సందేశాల అప్లికేషను ఆగిపోయేది, కొన్నిసార్లు ఫోను మళ్ళీ మళ్ళీ మొదలయ్యేది. ఆ అక్షరం 'జ్ఞా' అని చెప్పుకున్నారు. తెలుగు మీద జోకులు, మీమ్‌లు సరేసరి.

ఇక్కడ సందేశాన్ని విప్పి చూద్దాం. మనం రాసే జ్ఞా నాలుగు సంకేతాలు: జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘం 3134. ఇది ఏ ఫోనునూ ఏమీ చేయలేదు. జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం అని తెలుగువారు ఏళ్ళుగా ఐఫోనుల్లో రాసుకుంటూనే ఉన్నారు. కూల్చిన సందేశంలో ఐదు సంకేతాలున్నాయి. ఞకూ దీర్ఘానికీ మధ్య 8204 ఉంది. కంటికి కనబడదు. దాని పని రెండు అక్షరాలు కలవకుండా అడ్డుపడటం. 'కంప్యూటర్‌లో' అన్నప్పుడు రకారం కింద లావత్తు పడకుండా మనం పొల్లు తరువాత పెట్టేది దీన్నే. పొల్లు తరువాత దానికి అర్థముంది. హల్లుకూ దాని గుణింతానికీ మధ్య పెడితే ఏ తెలుగు మాటకూ అవసరం లేనిది.

మనీష్ గోరెగావ్కర్ ఆ వారంలోనే ఇటువంటి సందేశాలను ముక్కముక్కలుగా విప్పి సూత్రాన్ని పట్టుకున్నారు. హల్లు, పొల్లు, హల్లు, ఆ కనబడని అడ్డు, ఆపైన అచ్చు గుర్తు. ఈ వరుస తెలుగులోనే కాదు, నాగరిలోనూ బెంగాలీలోనూ కొన్ని అక్షరాలతో ఫోనును కూల్చింది. తెలుగులో రెండవ హల్లు ఏదైనా సరే, ఎందుకంటే మనకు ప్రతి హల్లుకూ ఒత్తు ఉంది. అచ్చు గుర్తులలో ఐత్వం మాత్రం కూల్చలేదు. ఐత్వం రెండు ముక్కల గుర్తు కావటమే తేడా. యూనికోడులో కూడా ఐత్వం 3144 అని ఒక సంకేతంగానూ, 3142, 3158 అని రెండుగానూ రాయదగినది. తెలుగు గుణింతాల్లో అలా విడదీయగలిగినది అదొక్కటే.

అంటే లోపం తెలుగులో లేదు, జ్ఞాలో లేదు. గుణింతాలనూ ఒత్తులనూ పేర్చి బొమ్మగీసే కార్యక్రమంలో, ఎవరూ ఊహించని వరుస వచ్చినప్పుడు జ్ఞాపకశక్తి చెదిరే లోపం అది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. అయినా పతాక శీర్షికల్లో నిలిచినది 'తెలుగు అక్షరం'. కనబడని 8204 పేరు ఏ శీర్షికలోనూ పట్టలేదు.

త్రికూటేశ్వరుడు దక్షిణామూర్తి స్వరూపుడనీ, ఆ కొండ మీద వటువుగా కూర్చుని జ్ఞానబోధ చేశాడనీ స్థలపురాణం. జ్ఞానమన్న మాటలోని మొదటి అక్షరమే ఆ శివరాత్రి వారంలో నిందపడింది. ఆ నింద తొలగించినది తెలుగు మీద అభిమానం కాదు, ఐదు సంఖ్యలను వరుసగా రాసి చూసిన ఓపిక.

అందుకే మిత్రులకు నా మనవి ఒక్కటే. ఏ కార్యాలయంలోనైనా, ఏ సేవలోనైనా తెలుగు చెడినట్టు కనబడితే తెర బొమ్మ తీసి పంపటంతో ఊరుకోకండి. బొమ్మలో 8204 కనబడదు, 141 పోయిన ఖాళీ కనబడదు, పొడవులో తగ్గిన ఇరవై కనబడదు. పంపినచోట, దారిలో, అందినచోట సందేశం మూడు నకళ్ళు తీసి, బైట్లు పక్కపక్కన పెట్టండి. ఎక్కడ మొదటి తేడా వచ్చిందో అక్కడ ఉంది జబ్బు. ఇన్నేళ్ళలో నేను విప్పి చూసిన సందేశాలలో ఆ చోటు ఒక్కసారి కూడా తెలుగు లిపి కాలేదు.